కనుమరుగవుతున్న రేవును బొమ్మలోకి ఎక్కించడం: సంగమేశ్వరం ఒడ్డున చిత్రకారుడి పని

కర్నూలు ప్రాంతంలో, శ్రీశైలం జలాశయం ఒడ్డున ఉన్న సంగమేశ్వరం బొమ్మలన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. నీళ్లలోంచి తేలిన శిఖరం, పక్కన ఒంటరి పుట్టి (వెదురుతో అల్లిన గుండ్రటి పడవ), వెనకాల నల్లమల, ఆ కొండల వెనక అస్తమిస్తున్న సూర్యుడు. చూడ్డానికి బాగానే ఉంటాయి, అమ్ముడుపోతాయి కూడా. కానీ సంగమేశ్వరం నుంచి చూస్తే నల్లమల ఉన్నది తూర్పున. ఆ కొండల వెనక సూర్యుడు ఉదయిస్తాడే తప్ప అస్తమించడు. అక్కడ నిలబడకుండా, ఎక్కడో దొరికిన ఫొటోలు రెండు కలిపి వేసిన బొమ్మ ఈ ఒక్క దిక్కు దగ్గరే దొరికిపోతుంది.

దిక్కు సరిచేసినా అసలు లోటు మిగిలే ఉంటుంది. ఆ బొమ్మల్లో కనిపించేదేదీ మాయమవడం లేదు. గుడి ఏటా మునుగుతుంది, ఏటా తేలుతుంది. కొండలు ఎక్కడికీ పోవు. పోతున్నదల్లా ఆ ఫ్రేములో పడనిది: పడవలోకి బైకు ఎక్కించే చెక్కపలక, మోకు చుట్టే గుంజ, తారు పూసి ఒడ్డున బోర్లించిన పుట్టి, కంపచెట్ల మీద ఆరేసిన వల, నీరు తగ్గినకొద్దీ రేవుతో పాటు కిందికి జరిగే టీ పాక. రేవును చిత్రించడమంటే ఈ పనిని చిత్రించడం. రాయలసీమలో ప్రకృతి దృశ్యాలు వేసేవాళ్లు ఈ తేడాను పట్టించుకోవలసిన సమయం దాటిపోతోంది.

కర్నూలుకు రేవులేమిటని అడిగేవాళ్లుంటారు. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప వైపు సాగే కేసీ కాలువను 1863–70 మధ్య ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించింది సాగునీటికే కాదు, పడవల రవాణాకు కూడా. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వం కొనేసింది. పడవలు పోయాయి, కాలువ మిగిలింది. కృష్ణ మీదైతే రేవులు ఇంకా బతికే ఉన్నాయి. శ్రీశైలం జలాశయం నిండాక నది చెరువులా పరుచుకుని, అటు తెలంగాణ ఒడ్డుకూ ఇటు ముచ్చుమర్రి, సంగమేశ్వరం, సిద్ధేశ్వరం వైపుకూ మధ్య పడవే దారి అయింది.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. 1980–81 నాటికి ముంపు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కృష్ణ, తుంగభద్ర, భవనాశి తదితర ఏడు నదులు కలిసే చోటని చెప్పుకునే సంగమేశ్వరం అప్పుడే నీటి కిందికి వెళ్లింది. ముంపులో పడే రాతి గుళ్లు కొన్నింటిని రాయి రాయి విప్పి వేరేచోట నిలబెట్టారు. కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీద ఉన్న గుడి అలా వచ్చిందే. వేప దారు లింగం ఉన్న సంగమేశ్వరుడి గుడి మాత్రం పాతచోటే ఉండిపోయింది. కనుక ఇక్కడి చిత్రకారుడి ముందున్నది ఒకే రేవు కాదు. మట్టాన్ని బట్టి మారే పది రేవులు.

రేవులను నమోదు చేయడానికే బొమ్మలు వేసిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ 1753లో తన దేశపు ఓడరేవులను చిత్రించమని క్లోద్ జోసెఫ్ వెర్నేకు పని అప్పగించాడు. వెర్నే పదేళ్లకు పైగా తిరిగి పదిహేను పెద్ద చిత్రాలు పూర్తి చేశాడు. ప్రతి బొమ్మలోనూ ఆ రేవుకు ప్రత్యేకమైన పని కనిపించాలన్నది షరతు. అందుకే బాందోల్ తీరం బొమ్మలో సముద్రం కన్నా ముందు ట్యూనా చేపల వేట కంటబడుతుంది. దీనికి పూర్తిగా వేరే కొస ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్ రేవులో ఆల్ఫ్రెడ్ వాలిస్. బడికెళ్లి బొమ్మలు నేర్చినవాడు కాదు, సముద్రం మీద బతికిన మనిషి. డెబ్బై ఏళ్ల వయసులో, 1925 ప్రాంతంలో, అట్టముక్కల మీద పడవలకు పూసే రంగుతోనే బొమ్మలు మొదలుపెట్టాడు. తన కాలంలో ఉండి అప్పటికి లేకుండా పోయిన తెరచాప ఓడలను జ్ఞాపకం నుంచి వేశాడు. అతని బొమ్మల్లో పర్‌స్పెక్టివ్, అంటే దూరాన్ని బట్టి వస్తువులను చిన్నవి చేసే లెక్క, ఉండదు. కానీ ఏ తాడు ఎక్కడికి వెళుతుందో తెలిసినవాడి గీత అది. వెర్నే దగ్గర కొలత, వాలిస్ దగ్గర పనితనపు ఎరుక. రెండూ లేని నైపుణ్యం రేవు బొమ్మకు అక్కరకు రాదు.

తెలుగులో నదీతీర చిత్రణ అంటే రాజమండ్రి గుర్తుకొస్తుంది. అక్కడ కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే, ఆయన ప్రోత్సాహంతో ఎదిగి 1925లో చిన్న వయసులోనే పోయిన దామెర్ల రామారావు గోదావరికి ఆ భాగ్యం కలిగించారు. ఎగువ కృష్ణకు ఆ వాటా దక్కలేదు.

క్యాలెండరు కాదు, అడుగులు

ఈ ఒడ్డున పనికి తేదీ చూసుకుని బయల్దేరితే సగంసార్లు వెనక్కి రావాల్సిందే. చూడవలసింది డ్యాం మట్టం. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. ఆ రోజు మట్టం ఎంతో పత్రికలు రోజూ ఇస్తాయి. వరద బాగా వస్తే ఆగస్టు నాటికి 885 దగ్గర ఉంటుంది. అక్కణ్నుంచి సాగుకు, కరెంటుకు నీళ్లు తీస్తూ పోతే ఎండాకాలానికి ఒడ్డు దిగిపోతుంది. మొదట శిఖరం తేలుతుంది. మట్టం 840 ప్రాంతానికి వచ్చేసరికి గుడి ఒంటిమీద నీరు వదులుతుంది. వానలు సరిగా పడని ఏడు ఇది నెలల ముందే జరుగుతుంది, పై నుంచి ధారాళంగా వచ్చిన ఏడు ఆలస్యమవుతుంది. మార్చిలో ఒక ఏడు కాళ్లకింద ఉన్న నేల, మరో ఏడు అదే నెలలో నీళ్లలో ఉంటుంది.

మట్టానికీ దూరానికీ ఉన్న లెక్క చిత్రకారుడికి తెలియాలి. ఒడ్డు వాలు నూరడుగులకు ఒక అడుగు చొప్పున ఉన్నచోట, నీరు ఒక్క అడుగు తగ్గితే దరి నూరడుగులు వెనక్కి జరుగుతుంది. పోయినవారం ఈజిల్ (బొమ్మను నిలబెట్టే స్టాండు) పెట్టిన చోటు నుంచి ఇవాళ పడవలు చీమల్లా కనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఒకే కాన్వాసును వారం తర్వాత తెచ్చి పూర్తి చేద్దామనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు: ముందుభాగం పాత మట్టానిది, పడవలు కొత్త మట్టానివి అవుతాయి. ఒడ్డు మీద మొదలుపెట్టినది ఆ పూటే ముగించాలి. లేదా ఆ పూట దొరికినంతే బొమ్మ అనుకోవాలి.

ఇంకో మార్పు నెమ్మదిగా జరుగుతోంది. జలాశయం మొదటి సామర్థ్యం 308 టీఎంసీలు. ఒండ్రు మేటవేయడంతో ఇప్పుడు లెక్కలోకి తీసుకునేది దాదాపు 215. అంటే అడుగున నేలే పైకి లేస్తోంది. మెట్లున్న ఏ ఘాట్ దగ్గర కూర్చున్నా పైమెట్టు నుంచి ఒండ్రు తాకే మెట్టు దాకా లెక్కపెట్టి బొమ్మలో అన్నే వేయడం మంచి అలవాటు. పదేళ్ల తర్వాత ఎవరైనా పోల్చి చూడాలనుకుంటే, ఇష్టమొచ్చినన్ని మెట్లు వేసిన అందమైన బొమ్మ వాళ్లకు ఒక్క ముక్క కూడా చెప్పదు.

కర్నూలు పదహారో అక్షాంశానికి కాస్త దిగువన ఉంటుంది. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు గుంజకు నీడ ఉండదు, గోడకు మందం ఉండదు, ఒడ్డు మొత్తం తెల్లగా చదునైపోతుంది. మే మధ్యలో ఉదయం ఏడున్నరకు మనిషి నీడ మనిషికి రెండింతలు దాటి ఉంటుంది. పదింటికల్లా అది సగం ఎత్తుకు కాస్త మించి మిగులుతుంది. గీతలు మొదలుపెట్టడానికి ఆరింబావు, రంగు ముగించడానికి ఎనిమిది. గంటా ముప్పావుకు మించి ఒకే వెలుతురు దొరకదు. అందుకే మొదటి పది నిమిషాల్లోనే నీడల అంచులు పెన్సిలుతో గీసిపెట్టి, తర్వాత నీడ ఎటు జరిగినా ఆ గీతను మార్చకుండా ఉండటం అవసరం. ఉదయం పూట నల్లమల వెనక నుంచి వెలుగు వస్తుంది కాబట్టి కొండలు ఒకే నీలిరంగు పొరలా ఉంటాయి, వాటిలో లోయలు వెతకడం దండగ. లోయలు, రాతి పట్టీలు కావాలంటే సాయంత్రం నాలుగున్నర తర్వాత రావాలి.

నేల మీద నడిచేటప్పుడు కర్ర ఒకటి ఉండాలి. పైన పెళుసుగా ఎండిన ఒండ్రు కింద మోకాలి లోతు బురద ఉంటుంది. పశువులు నడిచిన జాడ ఉన్నచోట నడవడమే క్షేమం. జులైలో ఎగువన జూరాల గేట్లు ఎత్తారన్న వార్త వస్తే దిగువ ఒడ్డున ఈజిల్ పెట్టకూడదు.

ఒడ్డు పట్టీలు

నీరు దిగిన ఒడ్డు ఒకే రంగు నేల కాదు. దరి పక్కన తడి ఒండ్రు ఆకాశాన్ని ప్రతిఫలిస్తూ మెరుస్తుంది. దానిపైన మెరుపు పోయినా నలుపు పోని పట్టీ. ఆపైన బూడిదరంగు, సన్న నెర్రెలు. ఇంకా పైన తెల్లగా ఎండిపోయి వెడల్పాటి నెర్రెలిచ్చిన నేల. దానికీ పైన నీరు ముందుగా వదిలిన చోట గడ్డి, మేత, కొన్నిచోట్ల ఆ నాలుగు నెలలకే వేసుకున్న పైరు. అన్నిటికన్నా పైన 885 గీత, చెట్లు మొదలయ్యే చోటు.

ఈ చివరి గీత చిత్రకారుడికి దొరికిన ఉచిత కొలబద్ద. అది జలాశయం చుట్టూ ఒకే ఎత్తులో తిరిగే సమతల రేఖ. 840 మట్టం దగ్గర నీటి పక్కన నిలబడితే ఆ గీత పాదాలకన్నా 45 అడుగులు, కంటికన్నా సుమారు 40 అడుగులు పైన ఉంటుంది. కాబట్టి అది దూరం వెళ్లేకొద్దీ బొమ్మలో కంటిమట్టపు రేఖ వైపు కిందికి దిగాలి. నీటి అంచు కంటికి కింద ఉంది కాబట్టి దూరం వెళ్లేకొద్దీ పైకి ఎక్కాలి. రెండూ ఒకదానికొకటి దగ్గరవుతూ పోతేనే ఒడ్డుకు లోతు వస్తుంది. ఎక్కువ బొమ్మల్లో ఈ రెంటినీ సమాంతరంగా గీసేస్తారు. దాంతో ఒడ్డు గోడలా నిలబడిపోతుంది. అవతలి దరి గీత కూడా అడ్డంగా, ఎటూ వాలకుండా సాగాలి. స్కేలు పెట్టి సరిచూసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. ఆ గీత రెండు మిల్లీమీటర్లు వాలినా జలాశయం ఒలికిపోతున్నట్టు ఉంటుంది.

నెర్రెల విషయంలో జరిగే పొరపాటు వేరు. బొమ్మంతా ఒకే సైజు వల పరిచినట్టు గీస్తారు. ఒండ్రు పొర పలుచగా ఉన్నచోట నెర్రెల పలకలు చిన్నవి, మందంగా ఉన్నచోట పెద్దవి. కాబట్టి నీటి పక్కన అరచేతి వెడల్పు పలకలుంటే పైపట్టీలో వాటికి అనేక రెట్లుండొచ్చు. దానిమీద దూరం వల్ల వచ్చే కుదింపు. ముందుభాగంలో నాలుగైదు పలకలు చక్కగా వేసి, వాటి వెనక పది అడుగులు దాటాక అడ్డగీతలు మాత్రమే సూచించి వదిలేస్తే కన్ను మిగతాది పూరిస్తుంది.

రంగుల పెట్టె పెద్దదేమీ అక్కర్లేదు. తడి ఒండ్రుకు బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), అల్ట్రామెరైన్ నీలం. ఎండిన ఒండ్రుకు తెలుపులో ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), చిటికెడు అదే నీలం. నల్లమలకు అల్ట్రామెరైన్, కొద్దిగా లైట్ రెడ్. దూరం పెరిగేకొద్దీ తెలుపు, అంతే. సీమ నేలంటే ఎర్రరంగే అన్నది ఒక నమ్మకం. నాపరాయి, నల్లరేగడి ఉన్న ఈ ప్రాంతపు రేవు బొమ్మలో ఎరుపు చాలా తక్కువ చోట అవసరమవుతుంది. ఆ ఎరుపు వచ్చేది కొత్తనీటితో. అప్పుడు కూడా అది నీళ్లలో ఉంటుంది, ఒడ్డు మీద కాదు.

పుట్టిని గీయడం

పుట్టి గుండ్రంగా ఉంటుందని అందరికీ తెలుసు, అందుకే అందరూ తప్పు గీస్తారు. వెదురుబద్దలతో అల్లిన గంప, దానికి బయట పట్టా లేదా ప్లాస్టిక్ సంచుల కుట్టు, దానిమీద తారు పూత. పాతకాలంలో తోలు తొడిగేవారు. ఇప్పుడు ఫైబరు పుట్టిలు వచ్చాయి. వాటికి బద్దల అల్లిక కనపడదు, అంచు ఒకే మందంతో నున్నగా ఉంటుంది. ఏ పుట్టి వేస్తున్నదీ బొమ్మ చూస్తే తెలియాలి. వెదురు పుట్టి ఒడ్డున బోర్లించి ఉన్నప్పుడు తారు పూత కొత్తదైతే నల్లగా మెరుస్తుంది, పాతదైతే బూడిదరంగుకు తిరిగి అతుకుల దగ్గర మాత్రమే నల్లగా ఉంటుంది.

గుండ్రటి అంచు కంటికి కోడిగుడ్డులా సాగిన వలయంగా కనపడుతుంది. ఆ వలయం ఎంత తెరుచుకోవాలన్నది కంటి ఎత్తు నిర్ణయిస్తుంది. నీటి పక్కన స్టూలు మీద కూర్చుంటే కన్ను నీటికి నాలుగడుగుల ఎత్తున ఉంటుంది. పుట్టి అంచు నీటికి సుమారు రెండడుగుల పైన. అంటే అంచుకన్నా కన్ను రెండే అడుగులు ఎత్తు. నలభై అడుగుల దూరంలో ఉన్న పుట్టి అంచు అప్పుడు 2కి 40, అంటే వెడల్పులో ఇరవయ్యో వంతు మాత్రమే తెరుచుకుంటుంది. బొమ్మలో పుట్టి పది సెంటీమీటర్ల వెడల్పుంటే అంచు వలయం మందం అర సెంటీమీటరు. లోపల కూర్చున్న మనిషి మోకాళ్లు కనిపించే అవకాశమే లేదు. అదే పుట్టిని ఇరవై అడుగుల గట్టు పైనుంచి, అడ్డంగా అదే నలభై అడుగుల దూరంలో చూస్తే వలయం నాలుగు సెంటీమీటర్లు దాటి తెరుచుకుంటుంది. లోపలి వల, చేపల బుట్ట, తెడ్డు అన్నీ కనిపిస్తాయి. పుట్టిలో ఏముందో చెప్పదలిస్తే గట్టెక్కాలి. పుట్టిలో మనిషి ఎలా కూర్చున్నాడో చెప్పదలిస్తే నీటి పక్కకు దిగాలి. రెండూ ఒకే బొమ్మలో కావాలంటే కుదరదు.

బరువు కూడా చూపించాలి. ఖాళీ పుట్టి నీటిమీద తేలుతూ కాస్త ఒరిగి ఉంటుంది. మనిషి ఒకవైపు మోకాళ్ల మీద కూర్చుని ముందుకు వంగి తెడ్డు వేస్తాడు కాబట్టి ఆ వైపు అంచు దిగుతుంది, ఎదురువైపు లేస్తుంది. అంచును సమంగా గీస్తే లోపలి మనిషికి బరువు లేనట్టే. తెడ్డు వేసిన ప్రతిసారీ పుట్టి కొద్దిగా తిరుగుతుంది, మరుసటి వేటుకు సర్దుకుంటుంది. దాని వెనక నీటి జాడ పడవకు ఉన్నట్టు రెండు రెక్కల గీత కాదు, వంకర్లు పోయిన చిన్న సుడుల వరస. ఇంజను పడవకు మాత్రమే ఆ రెక్కల జాడ వేయాలి.

ప్రతిబింబం దగ్గర ఇంకో రెండు సంగతులు. తెల్లటి వస్తువు నీడ నీళ్లలో అసలుకన్నా కాస్త ముదురు, నల్లటి వస్తువు నీడ అసలుకన్నా కాస్త లేత. తారు పుట్టిని, దాని ప్రతిబింబాన్ని ఒకే నలుపుతో పూడిస్తే రెండూ కలిసి నీళ్లలో గొయ్యిలా కనిపిస్తాయి. రెండోది, ప్రతిబింబం మన కన్ను నీటికి ఎంత పైన ఉందో అంత కింద నుంచి చూసినట్టుండే దృశ్యం. కొండ ముందు గట్టు అడ్డం ఉంటే నేల మీద కనిపించినంత కొండ నీళ్లలో కనిపించదు. ఎండాకాలపు ఆకుపచ్చ నీరు ఆకాశాన్ని బాగానే చూపిస్తుంది. ఆగస్టు కొత్తనీటిలో దూరాన ఆకాశమే కనిపించినా పాదాల దగ్గరికి వచ్చేసరికి మట్టిరంగే మిగులుతుంది, అక్కడ ప్రతిబింబాలు చాలా వరకు చెరిపేయాలి.

ఎండలో నీటిరంగులు

కర్నూలులో మే నెలలో 42 డిగ్రీలు మామూలు మాట. గాలిలో తేమ ఉండదు. కాగితం మీద పెట్టిన ఆకాశపు పూత బ్రష్ రెండో కొసకు చేరేలోపే మొదటి కొస ఆరిపోతుంది, మధ్యలో గట్టి అంచు పడుతుంది. తడి ఉందనుకుని దాన్ని మళ్లీ తాకితే కాలీఫ్లవర్‌లా విచ్చుకున్న మరక మిగులుతుంది. దీనికి మందు కాగితాన్నే ముందు తడపడం. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాటన్ కాగితాన్ని పావు షీటు సైజులో, రెండువైపులా నీళ్లు బాగా పట్టించి పది నిమిషాలు నానబెట్టి, యాక్రిలిక్ పలక మీద గాలి లేకుండా అంటించాలి. కింది వైపు తడి పైవైపును కాపాడుతుంది. పూత ఆరడం నిదానిస్తుంది. సెల్యులోజ్ కాగితం, అంటే కలప గుజ్జుతో చేసేది, ఈ పనికి నిలవదు, నాని ఉబ్బి పైపొర లేస్తుంది.

రంగు కలిపే నీళ్లలో గ్లిజరిన్ వేయడం కూడా ఉంది. గ్లాసుడు నీళ్లకు రెండు మూడు చుక్కలు చాలు. ఎక్కువైతే రంగు జిగటగా ఉండిపోయి, గాల్లోని దుమ్మంతా దానికే పడుతుంది. నీళ్లు ఇంటి నుంచి రెండు లీటర్లు తెచ్చుకోవాలి. జలాశయం నీటిలో సన్న ఒండ్రు ఉంటుంది, లేత పూతల్లో అది మసకగా తేలుతుంది. గొడుగు తెల్లదో బూడిదరంగుదో అయి ఉండాలి. నీలి గొడుగు కింద కలిపిన పసుపు ఇంటికెళ్లి చూస్తే వేరే రంగుగా కనిపిస్తుంది.

ఆయిల్‌కు వచ్చేసరికి కాన్వాసు కన్నా బోర్డు నయం. గాలికి కాన్వాసు తెరచాప అవుతుంది. ఎండ వెనక నుంచి పడితే గుడ్డలోంచి వెలుగు దూరి రంగుల అంచనా తప్పుతుంది. పది అంగుళాలకు పన్నెండు హార్డ్‌బోర్డు, రెండుపూతల ప్రైమర్, మధ్యలో 220 నంబరు సాండ్ పేపర్, ఆపైన బర్న్‌ట్ సియెన్నా (ఎర్రగోధుమ రంగు) పలుచని పూత. తెల్లటి ప్రైమర్ మీద ఎండలో నేరుగా పనిచేస్తే కళ్లు చెదిరి, ప్రతి రంగూ అవసరానికన్నా లేతగా కాకుండా ముదురుగా కలుపుతారు. ఇంట్లో చూస్తే బొమ్మ మబ్బుపట్టి ఉంటుంది. ఈజిల్ మధ్యలో రాళ్ల సంచి వేలాడదీయాలి.

పొరల క్రమం తప్పితే జరిగేది విచిత్రంగా ఉంటుంది. ఐవరీ బ్లాక్ చాలా నెమ్మదిగా ఆరుతుంది, అంబర్ త్వరగా ఆరుతుంది. బురద నల్లగా ఉందని కింద ఐవరీ బ్లాక్ దట్టంగా పరిచి పైన అంబర్ వేస్తే, పైపొర ముందు గట్టిపడి కింది పొర కదిలినప్పుడు పగులుతుంది. కొన్నాళ్లకు బొమ్మలోని ఒండ్రు నిజంగానే నెర్రెలిస్తుంది. కింద టర్పెంటైన్‌తో పలచన చేసిన అంబర్, నీలం, పైన నూనె కాస్త ఎక్కువున్న రంగులు. ఇదే క్రమం.

పోయేదాన్ని నమోదు చేసే బొమ్మకు పోయే రంగు వాడటం కన్నా తెలివితక్కువ పని లేదు. పాత అలిజరిన్ క్రిమ్‌సన్, ట్యూబు మీద పీఆర్ 83 అని ఉంటుంది, వెలుతురుకు వెలిసిపోతుంది. పేరు కాకుండా ఈ నంబర్లు చూసి కొనాలి. పీబీ 29 అల్ట్రామెరైన్, పీవై 42 లేదా 43 ఓకర్, పీబీఆర్ 7 సియెన్నా, అంబర్. ఇవన్నీ నిలిచేవే, ఖరీదైనవి కూడా కావు. పోస్టరు కలర్లు స్కెచ్‌కు పరవాలేదు, గోడకు వద్దు.

బొమ్మ వెనక రాయవలసింది

పేరు, సంతకం ముందువైపు. వెనకవైపు పెన్సిలుతో ఇవి: తేదీ, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, ఆ రోజు శ్రీశైలం మట్టం అడుగుల్లో, నిలబడ్డ చోటు, చూస్తున్న దిక్కు, రేవుకు అక్కడి జనం పిలిచే పేరు, కనిపించిన పడవల రకాలు, సంఖ్య. బొమ్మలో లేనిది చేర్చినా, ఉన్నది తీసేసినా ఆ ముక్క కూడా. ఒక పడవను కూర్పు కోసం ఎడమకు జరపడం తప్పు కాదు, జరిపినట్టు రాయకపోవడం తప్పు. బాల్‌పెన్ను సిరా కాగితం ముందువైపుకు దిగుతుంది కాబట్టి పెన్సిలే మేలు.

ఫొటో సాయం తీసుకునేవాళ్లు ఫోను చేసే మోసం తెలుసుకోవాలి. ఫోను మామూలు కెమెరా వైడ్ యాంగిల్. ముందున్న ఒడ్డును విశాలంగా చూపించి వెనకున్న నల్లమలను చిన్న గట్టుగా మార్చేస్తుంది. కంటికి కనిపించిన కొండ ఎత్తును చాచిన చేతిలో పెన్సిలు పట్టి కొలిచి స్కెచ్‌లో పెట్టుకుని, ఫొటోను పడవల వివరాలకే వాడటం మంచిది. వలల దగ్గర ఫోను తీసేముందు అడగాలి. సన్నకన్ను అలివి వలల మీద నిషేధం ఉంది. కెమెరా పట్టుకున్నవాడు ఎవరి మనిషో అన్న అనుమానం సహజం. స్కెచ్ పుస్తకంతో ఓ గంట కూర్చున్నవాడికి ఆ ఇబ్బంది తక్కువ. పైగా తెడ్డు తప్పు గీస్తే పక్కన నిలబడ్డవాళ్లే దిద్దుతారు.

ఏది ముందు వేయాలన్న ప్రశ్నకు గుడి చివరన వస్తుంది. తెలంగాణ ఒడ్డున ఉన్న సోమశిలకూ ఇటు సిద్ధేశ్వరానికీ మధ్య కృష్ణ మీద కేబుల్ వంతెనకు 2022లో కేంద్రం రూ.1,082 కోట్లతో ఆమోదం ప్రకటించింది. ఈ దాటులో పడవ ప్రమాదాలు ప్రాణాలు తీశాయి. వంతెన కావాలని జనం ఏళ్లుగా అడిగారు, రావలసిందే. పడవ పోతుందని బెంగపడే హక్కు ఒడ్డున కూర్చుని బొమ్మ వేసుకునేవాడికి లేదు. కానీ వంతెన మీద బస్సు తిరిగిన మొదటి నెలలోనే ప్రయాణికుల పడవల పని ఆగుతుంది. వలల పని ఉంటుంది, పుట్టిలు ఉంటాయి. కాబట్టి వరస ఇలా పెట్టుకోవచ్చు: మొదట మనుషుల్ని దాటించే ఇంజను పడవలు, వాటి పలకలు, బైకు ఎక్కించే తీరు, టికెట్టు డబ్బులు తీసుకునే చోటు. తర్వాత 840, 850, 865, 880 మట్టాల దగ్గర ఒకే రేవు నాలుగు బొమ్మలుగా. ఆపైన వెదురు పుట్టి అల్లకం, ఒక్కో దశకు ఒక స్కెచ్. ఫైబరు దాన్ని ఎప్పుడో సగం తినేసింది. పుష్కరాలకు కట్టిన కాంక్రీటు ఘాట్లు, వాటి పక్కనే మిగిలిన మట్టి రేవు. వంతెన పని సాగుతుంటే స్తంభం, దాని కింద పడవ, రెండూ ఉన్న బొమ్మ తప్పనిసరి. అందంగా రాదు, అయినా వేయాలి. గండికోట జలాశయం కింద ఊళ్లు ఖాళీ అయిన కడప జిల్లా కొండాపురం వైపు పనిచేసేవాళ్లకూ ఇదే పద్ధతి సరిపోతుంది, శ్రీశైలం మట్టం బదులు గండికోట మట్టం రాసుకోవాలి, అంతే తేడా.